ఒకే మీట, ఉమ్మడి కొట్టు: 'ఈవ్ ఆన్‌లైన్' అంతరిక్ష క్రీడలో సమాన భాగస్వామ్య సంఘాల చరిత్ర

ప్రస్తావన

2009 ఫిబ్రవరిలో 'ఈవ్ ఆన్‌లైన్' అనే అంతరిక్ష క్రీడలో ఒక మహాకూటమి ఒక్క పూటలో రద్దయిపోయింది. దాని పేరు 'బ్యాండ్ ఆఫ్ బ్రదర్స్'. వేలమంది ఆటగాళ్లు ఏళ్ల తరబడి కూడబెట్టిన బలం దానిది. శత్రువుల నౌకాదళం దాన్ని ఓడించలేదు. డైరెక్టరు హోదాలో ఉన్న సభ్యుడొకడు మనసు మార్చుకుని ప్రత్యర్థి కూటమి 'గూన్‌స్వార్మ్' పక్షం చేరాడు. వెళ్తూ వెళ్తూ తన హోదాకు ఉన్న అధికారంతో సభ్యసంఘాలన్నింటినీ తొలగించి, కూటమినే మూసివేశాడు. కూటమి లేకపోయేసరికి అది ఏలుతున్న నక్షత్రమండలాలపై ఆధిపత్యం రద్దయింది. ఆ ఆధిపత్యం మీద ఆధారపడిన రక్షణ సాధనాలు ఆగిపోయాయి. ఆటను నడిపే సీసీపీ సంస్థ జోక్యం చేసుకోలేదు. నియమాల ప్రకారం అతను చేసింది తప్పు కాదు. మోసం కూడా ఈ ఆటలో ఆటే.

ఈ సంఘటనను సాధారణంగా ద్రోహకథగా చెబుతారు. ద్రోహి ఎవరు, ఎందుకు చేశాడు, తర్వాత యుద్ధం ఏమైంది అన్న ప్రశ్నల చుట్టూనే కథనం తిరుగుతుంది. అయితే చరిత్ర దృష్టితో చూస్తే మరో ప్రశ్న ముందుకు వస్తుంది. వేలమంది శ్రమ ఫలితాన్ని ఒక్కడు చెరిపివేయగలిగే ఏర్పాటు అసలు ఎక్కడిది? ఆ ఏర్పాటు ఆటగాళ్లు చేసుకున్నది కాదు. అది ఆట ప్రోగ్రాములోనే ఉంది. అధికారాన్ని ఒకరి చేతిలోనే పెట్టే ప్రోగ్రాము లోపల ఉంటూ, పెత్తనం లేని, ఆస్తి అందరిదైన సంఘాన్ని నడపాలని కోరుకున్నవారు ఏం చేయగలిగారు? ఈ వ్యాసం పరిశీలించేది ఆ ప్రశ్ననే.

ఐస్‌లాండ్ రాజధాని రేక్యవిక్‌లోని సీసీపీ సంస్థ 2003 మే నెలలో ఈ ఆటను విడుదల చేసింది. తక్కిన ఆన్‌లైన్ క్రీడలు ఆటగాళ్లను అనేక సర్వర్ల మధ్య విడదీస్తే, ఇది ప్రధానంగా ఒకే విశ్వంలో అందరినీ ఉంచింది. నౌకలను, ఆయుధాలను చాలావరకు ఆటగాళ్లే తయారుచేసి, ఆటగాళ్లకే అమ్ముకుంటారు. యుద్ధంలో పేలిపోయిన నౌక తిరిగి రాదు. 2012లో న్యూయార్క్ ఆధునిక కళా ప్రదర్శనశాల తన శాశ్వత సేకరణకు ఎంపిక చేసిన మొదటి పద్నాలుగు వీడియో క్రీడల్లో ఇదొకటి. దీన్ని కాలక్షేప వస్తువుగా కాక సామాజిక పరిశోధనకు తగిన ఆకరంగా తీసుకోవడానికి ఇక్కడి నష్టం నిజమైన నష్టం కావడమే తగిన కారణం.

మాంత్రికుల రాజీనామా

యంత్రం ఇచ్చిన అధికారాన్ని వదులుకోవాలన్న తపన ఈ ఆటతో పుట్టింది కాదు. 1990లో అమెరికాలోని జిరాక్స్ పరిశోధన కేంద్రంలో పావెల్ కర్టిస్ 'లాంబ్డామూ' అనే అక్షరమాత్ర లోకాన్ని నెలకొల్పాడు. అందులో బొమ్మలు లేవు. వర్ణనలు, సంభాషణలు మాత్రమే ఉండేవి. సర్వాధికారాలున్న నిర్వాహకులను అక్కడ 'విజర్డ్స్' అనేవారు, అంటే మాంత్రికులు. నివాసుల తగాదాలు తీర్చలేక విసిగిన మాంత్రికులు 1992 చివర తాము ఇకపై సాంకేతిక పనులకే పరిమితమవుతామని, సామాజిక నిర్ణయాలు చేయబోమని ప్రకటించారు. తర్వాత విజ్ఞాపనలు, ఓటింగు వచ్చాయి. కానీ ఓటు వేసి నెగ్గించుకున్న తీర్మానాన్ని అమలు చేయాలన్నా మీట నొక్కవలసింది మాంత్రికుడే. సాంకేతిక నిర్ణయానికీ సామాజిక నిర్ణయానికీ మధ్య గీసిన గీత నిలబడలేదు. 1996లో మాంత్రికులు ఆ సంగతి ఒప్పుకుని, సామాజిక విషయాల్లోకి తిరిగి వచ్చారు.

ఇక్కడ గమనించవలసిన అంశం ఒకటుంది. అధికారం వదులుకోవడం మాంత్రికులకు ఇష్టమే. అయినా వదులుకోలేకపోయారు. వారి సద్బుద్ధికి ప్రోగ్రాములో చోటు లేదు. లారెన్స్ లెసిగ్ 1999లో ప్రోగ్రామే శాసనంగా పనిచేస్తుందని గ్రంథస్థం చేయడానికి ముందే లాంబ్డామూ నివాసులకు అది అనుభవపూర్వకంగా తెలుసు.

పట్టికలో లేని మాట

'ఈవ్'లో కొందరు కలసి సంఘంగా ఏర్పడాలంటే ఉన్న మార్గం ఒక్కటే: 'కార్పొరేషన్' స్థాపించడం. తెలుగు పాఠకుడికి కార్పొరేషన్ అనగానే నగరపాలక సంస్థో, ప్రభుత్వ సంస్థో గుర్తుకొస్తుంది. ఈ ఆటలో ముగ్గురు మిత్రులు కూడి గనులు తవ్వుకోవాలనుకున్నా వారిది కార్పొరేషనే. ప్రతి కార్పొరేషనుకూ ఒక సీఈఓ తప్పనిసరి. ఆయన కింద డైరెక్టర్లు. డైరెక్టరుకు సంఘం ఖజానా మీద, సామాన్ల కొట్టు మీద పూర్తి హక్కు వస్తుంది. ఖజానాను ఏడు విభాగాలుగా, కొట్టును ఏడు విభాగాలుగా విడదీసి, ఎవరికి ఏది తెరిచే వీలుండాలో నిర్ణయించవచ్చు. కానీ ఆ నిర్ణయం చేసేవాడికి అన్నీ తెరిచే ఉంటాయి. సహకార సంఘం, సమష్టి, పంచాయతీ వంటి పేర్లు ఆ పట్టికలో లేవు. కార్యదర్శి, కోశాధికారి, అధ్యక్షుడు ఒకరినొకరు కనిపెట్టుకుని ఉండే ఏర్పాటు లేదు. చెక్కు మీద రెండు సంతకాలు ఉండాలన్న పాత జాగ్రత్త సైతం లేదు.

ప్రజాస్వామ్యానికి దగ్గరగా కనిపించేది ఒక్కటే, వాటాలు. కార్పొరేషను పుట్టగానే వెయ్యి వాటాలు ఏర్పడతాయి. వాటిని సభ్యులకు పంచవచ్చు. సీఈఓను మార్చడం వంటి విషయాలపై వాటాదారులు ఓటు వేయవచ్చు. సమానత్వం కోరిన సంఘాలకు మొదట తట్టే ఆలోచన సహజంగానే ఇది: వాటాలన్నింటినీ తలా ఇన్నని సమంగా పంచితే సరిపోదా? సరిపోదు. ఓటు లెక్క వాటాను బట్టి గానీ మనిషిని బట్టి కాదు. వాటా చేతులు మారుతుంది. సంఘం విడిచిపోయినవాడి వాటా అతనితోనే పోతుంది. ఏడాది తర్వాత ఆట మానేసినవారి దగ్గర సగం ఓట్లు నిద్రపోతుంటాయి. పైగా ఓటు నెగ్గేలోపు డైరెక్టరు ఖజానా ఖాళీ చేయడానికి అడ్డేమీ లేదు.

1844లో ఇంగ్లండులోని రోచ్‌డేల్ పట్టణంలో 28 మంది శ్రామికులు దుకాణం పెట్టుకున్నప్పటి నుంచి సహకారోద్యమానికి మూలసూత్రం ఒక మనిషికి ఒక ఓటు. పెట్టుబడి ఎంతైనా ఓటు ఒకటే. ఈ సూత్రం అమలు కావాలంటే ముందు మనుషులను లెక్కపెట్టగలగాలి. 'ఈవ్'లో ఒక ఖాతాకు మూడు పాత్రలు. ఒక మనిషికి ఎన్ని ఖాతాలైనా ఉండవచ్చు. పదిమంది ఉన్నట్టు కనిపించే సభలో నిజానికి నలుగురే ఉండవచ్చు. సీసీపీ సంస్థ తానే 2008లో ఎన్నికల ద్వారా ఆటగాళ్ల ప్రతినిధి మండలిని ఏర్పాటు చేసినప్పుడు కూడా ఈ చిక్కు తీరలేదు. అక్కడా ఓటు ఖాతాకే. సంస్థ ఉద్యోగి ఒకరు తాను ఆడే సంఘానికి అక్రమంగా అరుదైన నమూనాపత్రాలు చేర్చిన వ్యవహారం 2007లో బయటపడిన దరిమిలా పుట్టిన మండలి అది. పాలకుల మీద నిఘా కోసం వచ్చింది గానీ సంఘాల లోపలి నిర్మాణాన్ని అది మార్చలేదు.

తెలుగు నేల మీది అనుభవం ఒకటి ఇక్కడ పోలికకు పనికివస్తుంది. ఆంధ్రప్రదేశ్ పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం 1995లో వచ్చేదాకా ఇక్కడి సహకార సంఘాలు రిజిస్ట్రారు అదుపులో నడిచాయి. ఆ చట్టం ప్రభుత్వ వాటాధనం తీసుకోని సంఘాలకు తమ ఉపనియమాలు తామే రాసుకునే స్వేచ్ఛనిచ్చింది. చట్టం ఇబ్బందిగా ఉంటే మరో చట్టం కోసం ఉద్యమించవచ్చునని, సాధించవచ్చునని ఆ చరిత్ర చెబుతుంది. 'ఈవ్' ఆటగాడు ఎంత గట్టి ఉపనియమాలు రాసుకున్నా అవి కాగితం మీదివే. కొట్టు తలుపుకు ఆ కాగితం తెలియదు.

నమ్మకం ఖరీదు

ఈ సంగతి అందరికీ తెలిసివచ్చిన ఏడు 2005. 'గైడింగ్ హ్యాండ్ సోషల్ క్లబ్' అనే కిరాయి ముఠా 'యుబిక్వా సెరాఫ్' అనే కార్పొరేషనులోకి తన మనుషులను చేర్చింది. సుమారు ఏడాదిపాటు వారు నమ్మకస్తులైన సభ్యులుగా మెలిగారు, పదవులు సంపాదించారు. అనుకున్న రోజున ఏకకాలంలో కొట్లన్నీ ఖాళీ చేసి, సంఘాధినేత నౌకను కూల్చివేశారు. నష్టం ఆటలోని నాణెం 'ఇస్క్' లెక్కలో దాదాపు 30 బిలియన్లనీ, నిజ ధనంలో సుమారు 16,500 అమెరికన్ డాలర్లనీ అప్పటి అంచనా.

దీని ప్రభావం దోపిడీకి గురైన సంఘంతో ఆగలేదు. ఆ తర్వాతి కాలంలో కొత్త సభ్యుణ్ణి చేర్చుకోవడమంటే విచారణ జరపడమే అయింది. ఆటగాడి ఉత్తరాలు, ఖజానా లావాదేవీలు చూపే 'ఏపీఐ తాళంచెవి' అడగడం ఆనవాయితీగా మారింది. చేర్చుకునేవాడు చేరేవాడి ఉత్తరాలు చదువుతాడు. చేరేవాడికి మాత్రం చేర్చుకునేవాడి గురించి ఏమీ తెలియదు. అసమానత సంఘం గుమ్మంలోనే మొదలవుతుంది. సమానత్వాన్ని ఆదర్శంగా ప్రకటించుకున్న సంఘానికి ఇది పెద్ద ధర్మసంకటం. తలుపు తీసి ఉంచితే దొంగ వస్తాడు. కాపలా పెడితే కాపలాదారు దొర అవుతాడు.

అమెరికా స్త్రీవాది జో ఫ్రీమన్ 1970లో చేసిన, తర్వాత వ్యాసరూపంలో ప్రసిద్ధమైన ప్రసంగం నిర్మాణరాహిత్యపు నియంతృత్వం గురించినది. నాయకత్వం లేదని ప్రకటించుకున్న బృందాల్లో నాయకత్వం మాయం కాదని, కంటికి కనిపించకుండా స్నేహవలయాల్లోకి జారుకుంటుందని ఆమె వాదన. 'ఈవ్' సంఘాలకు ఈ వాదన సగమే వర్తిస్తుంది. ఇక్కడ నాయకుడి పేరు తెర మీద కనిపిస్తూనే ఉంటుంది, దాచడం కుదరదు. "నేను పేరుకే సీఈఓను" అని ఎంతమంది చెప్పుకున్నా, వారు నిజంగా పేరుకే సీఈఓలుగా ఉన్నారా అన్నది వారి దయ మీద ఆధారపడిన విషయం. దయతో దక్కిన సమానత్వాన్ని హక్కు అనలేం.

వార్మ్‌హోల్ కాపురాలు

సమాన భాగస్వామ్యం ఎక్కువకాలం, ఎక్కువ నిజాయితీతో అమలయిన చోటు పెద్ద కూటముల రాజ్యాల్లో లేదు. 2009 మార్చిలో విడుదలైన విస్తరణ ఆటలో వార్మ్‌హోల్ ప్రాంతాన్ని ప్రవేశపెట్టింది. అక్కడ ఆధిపత్యం ప్రకటించుకునే వీలు లేదు. మండలంలో ఎవరెవరు ఉన్నారో చూపే జాబితా ఉండదు. దారులు కాలం తీరగానే మూసుకుపోయి, మరెక్కడో తెరుచుకుంటాయి. ఇంత బరువు దాటితే దారి కూలిపోతుందన్న పరిమితి వల్ల మహాసైన్యాలు అక్కడికి రావడం కష్టం. ఆ కష్టమే చిన్న సంఘాలకు నీడ అయింది. పదిమందో ఇరవైమందో ఒక మండలంలో స్టార్‌బేస్ నిలబెట్టుకుని కాపురం పెట్టేవారు.

ఆ కాపురం ఆర్థిక స్వరూపం విశేషమైనది. సాధారణ ప్రాంతాల్లో కార్పొరేషను ఆదాయానికి ఆట ఇచ్చిన సాధనం పన్ను. అది కంప్యూటరు శత్రువులను కూల్చినందుకు వచ్చే పారితోషికాల మీద, అప్పగించిన పనుల ప్రతిఫలం మీద పడుతుంది. గనులు తవ్వేవాడి మీద, వర్తకుడి మీద పడదు. అంటే యంత్రం విధించే పన్ను సంఘంలో కొందరినే తాకుతుంది. సమభాగం కోరేవారికి అది పనికిరాదు. వార్మ్‌హోల్‌లో కూల్చిన శత్రువుకు నగదు పారితోషికం లేదు. శకలాల్లో దొరికే సామగ్రిని బయటి ప్రపంచానికి మోసుకుపోయి అమ్ముకోవాలి. ఆటగాళ్లు దాన్ని 'బ్లూ లూట్' అంటారు, దాని గుర్తు రంగును బట్టి. అందరూ కలసి సంపాదించిన సరుకు ఒకరి నౌకలో బయలుదేరుతుంది. దారిలో దోపిడీ కావచ్చు, మోసేవాడే ఉడాయించవచ్చు. పంపకం లెక్క యంత్రం వేయదు. సంఘం తానే లెక్కలపట్టిక పెట్టుకుని, ఎవరు ఎన్ని దాడుల్లో పాల్గొన్నారో రాసుకుని, అమ్మకం సొమ్ము పంచాలి.

ఈ పంపకంలోనే అసలు వాదాలు వచ్చేవి. ఖరీదైన యుద్ధనౌక తెచ్చినవాడికీ, చవక నౌకలో వచ్చినవాడికీ ఒకే భాగమా? దాడి జరుగుతున్నంతసేపూ దారి ముఖద్వారం దగ్గర కదలకుండా కూర్చుని, శత్రువు వస్తే కేక వేయడానికి కాపలా కాసినవాడి మాట ఏమిటి? అతను ఒక్క తూటా పేల్చలేదు. కానీ అతను లేకపోతే మిగిలినవారి నౌకలు ఉండవు. కాపలాదారుకు పూర్తి భాగం ఇవ్వని చోట కాపలాకు ఎవరూ నిలవరు. అలా నిలిచేవారు లేని సంఘం ఒక రాత్రి సర్వం పోగొట్టుకుంటుంది. అందువల్ల కాపలాకు సమభాగం అన్న నియమం ఆదర్శం కోసం కాక అవసరం కోసం స్థిరపడింది. కోతకు వెళ్లినవారితో పాటు కళ్లం కాసినవాడికీ గింజలు కొలిచే పల్లె న్యాయానికి ఇది దూరమేమీ కాదు.

ఇంకా క్లిష్టమైనది ఇంధనం సంగతి. స్టార్‌బేస్ గోపురం ఇంధనం ఉన్నంతసేపే రక్షణ కవచాన్ని నిలుపుతుంది. ఇంధనం అయిపోతే కవచం దిగిపోతుంది, లోపలి ఆస్తి బజారు పాలవుతుంది. ఎవరో ఒకరు కొనాలి, మోయాలి, నింపాలి. దీనికి కీర్తి లేదు, యుద్ధకథ లేదు. బాధ్యత అందరిదీ అన్నచోట ఈ పని ఎవరిదీ కాకుండా పోయే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. ఒకరికే అప్పగిస్తే అన్ని మీటలూ అతని చేతికే వస్తాయి. గోపురాన్ని నడిపే అనుమతి, ఇంధనం పోసే అనుమతి, కొట్టు తెరిచే అనుమతి ఒకదానితో ఒకటి పెనవేసుకుని ఉండేవి. ఇంటి చాకిరీ చేసేవాడే కాలక్రమంలో ఇంటి పెద్ద కావడం ఈ సంఘాల్లో తరచుగా కనిపించే పరిణామం. అతనికి అధికార దాహం ఉందని కాదు. మిగిలినవారు పడుకున్నప్పుడు మేలుకున్నవాడు అతనే.

సభ్యుల నౌకలన్నీ ఉమ్మడి నౌకాశాలలోనే ఉండేవి. నౌకాశాల తెరవగలిగిన ప్రతివాడూ అందులోని ఏ నౌకనైనా తీసుకుపోగలడు. పక్కవాడి నౌకను ముట్టుకోకపోవడం పూర్తిగా మర్యాద. ఎలినార్ ఆస్ట్రమ్ 1990 నాటి తన గ్రంథంలో ఉమ్మడి వనరులను కాపాడుకున్న జనసమూహాలను పరిశీలించి చెప్పిన లక్షణాల్లో ముఖ్యమైనవి కొన్ని ఇక్కడ అక్షరాలా కనిపిస్తాయి: స్పష్టమైన ఎల్లలు, స్థానికులే చేసుకున్న నియమాలు, ఒకరినొకరు కనిపెట్టి ఉండటం. ఆమె చెప్పిన మరో లక్షణం మాత్రం ఇక్కడ కరువైంది. తప్పు చేసినవాడికి మొదట చిన్న శిక్ష, పిదప పెద్ద శిక్ష అన్న క్రమం ఉండాలని ఆమె సూత్రం. వార్మ్‌హోల్ దొంగకు చిన్న శిక్ష వేసే అవకాశమే లేదు. మొదటి దొంగతనమే చివరిది. మరునాడు అతను ఆ సంఘంలో ఉండడు.

పంపిణీలో సమానత్వం, పాలనలో ఏకత్వం

పెద్ద కూటములు మరో దారి పట్టాయి. 'గూన్‌స్వార్మ్' ఆరంభదశలో అనుభవం లేని కొత్తవారితో, చవకబారు చిన్న నౌకలతో గుంపులుగా యుద్ధానికి దిగి ప్రసిద్ధికెక్కింది. యుద్ధంలో పోయిన నౌకకు బదులు ఖజానా నుంచి పరిహారమిచ్చే పద్ధతి ఇటువంటి కూటముల్లో బలపడింది. నిన్న చేరినవాడికీ నౌక దొరుకుతుంది. నష్టం అందరిదీ. దీన్ని పరస్పర బీమా అనడంలో తప్పులేదు. ఈ పద్ధతి వల్ల వేలాది కొత్తవారు ఆటలో నిలబడ్డారు. అయితే ఖజానా ఎవరి చేతిలో ఉందన్న ప్రశ్న అడిగే వీలు వారికి లేదు.

ఫలితం ఆ కూటమి చరిత్రలోనే ఉంది. ప్రత్యర్థి రద్దు కావడంతో చేజిక్కిన డెల్వ్ ప్రాంతాన్ని అది ఏడాది తిరిగేసరికి పోగొట్టుకుంది. 2010 ఆరంభంలో ఆధిపత్య రుసుము చెల్లింపు జరగకపోవడమే కారణం. ఒక మీట నొక్కి గెలిచినది, మరో మీట నొక్కక పోయింది. 2014 జనవరిలో 'బీ-ఆర్5ఆర్‌బీ' మండలంలో దాదాపు 21 గంటలు సాగిన మహాయుద్ధానికి కూడా మూలం అలాంటి రుసుము చెల్లింపు తప్పిపోవడమే. 7,500 మందికి పైగా పాల్గొన్న ఆ పోరులో అతిపెద్ద తరగతి నౌకలు 75 ధ్వంసమయ్యాయి. నష్టాన్ని నిజ ధనంలో మూడు లక్షల డాలర్ల దాకా అంచనా కట్టారు. పత్రికలు ఆ విధ్వంసాన్ని వర్ణించాయి. వేలమంది నెత్తిన పడిన ఆ నష్టానికి కారణమైన చెల్లింపు ఎంతమంది చేతుల్లో ఉండేదన్నది అరుదుగా ప్రస్తావనకు వచ్చింది.

దాచుకోనివారు, దాచుకోగలిగినవారు

దోచుకోవడానికి ఏమీ ఉంచుకోకపోవడం మూడో మార్గం. 'సిగ్నల్ కార్టెల్' అనే అన్వేషకుల సంఘం ఎవరిపైనా ముందుగా దాడి చేయకూడదన్న నియమంతో ఒక ప్రవర్తనా నియమావళిని పెట్టుకుంది. దాని సభ్యులు వార్మ్‌హోల్ మండలాల్లో చిన్న పెట్టెలు దాచి ఉంచుతారు. దారి వెతికే పరికరాలు పోగొట్టుకుని లోపల చిక్కుకున్న ఏ ఆటగాడైనా, శత్రువైనా సరే, వాటితో బయటపడవచ్చు. పెట్టె దొంగిలించినా దొరికేది కాస్త పరికరమే. అది కూడా సీఈఓ ఉన్న సంఘమే. ఆట మరో రూపం ఇవ్వదు కదా. కానీ సంఘం విలువ కొట్టులో కాక చేసే పనిలో ఉన్నప్పుడు, డైరెక్టరు మీట నొక్కి మాయం చేయగలిగేది తక్కువ. ఇది తెలివైన పరిష్కారం. అయితే యుద్ధనౌకలు కట్టుకోవాలనుకునే సంఘానికీ, గనుల మీద బతికే సంఘానికీ ఇది దొరకదు. ఆస్తి వద్దనుకోగలగడం కూడా ఒక స్తోమతే.

2016 ఏప్రిల్‌లో వచ్చిన 'సిటడెల్' విస్తరణ వార్మ్‌హోల్ కాపురాల సమస్యను ఒక విధంగా పరిష్కరించింది. కొత్త కట్టడాల్లో ప్రతి ఆటగాడికీ సొంత గది వచ్చింది. ఎవరి నౌక వారి గదిలో ఉంటుంది, మరొకరు తెరవలేరు. దొంగతనం భయం బాగా తగ్గింది. దానితో పాటు ఉమ్మడి నౌకాశాల అవసరమూ తగ్గింది. పక్కవాడి నౌకను ముట్టుకోకుండా ఉండటమన్న మర్యాదకు పరీక్ష లేకుండా పోయింది. అప్పటిదాకా నమ్మకం మీద నడిచిన వ్యవహారాన్ని తాళం తీసుకుంది. సహకార సంఘాల చరిత్రకారుడు దీన్ని లాభంగా రాయాలా, నష్టంగా రాయాలా అన్నది తేలిక ప్రశ్న కాదు. ఏళ్ల తరబడి దోపిడీకి గురై చెదిరిపోయిన చిన్న సంఘాలను తలచుకుంటే తాళాన్ని తప్పుపట్టడం కష్టం.

కొత్త కట్టడాల్లో కూడా కర్మాగారాలు, ప్రయోగశాలలు పనిచేయాలంటే ఇంధనం పోయాలి. ఆ ఇంధనపు పెట్టెకు మాత్రం సొంత గదులు లేవు; అది ఇప్పటికీ ఉమ్మడిదే. అది నిండుకుంటోందని ఆట హెచ్చరిక పంపుతుంది. ఈసారి వంతు ఎవరిదో చెప్పదు.